కందిచేనికిని తరగతిగదికిని నడుమ



అనంతగిరి కొండలు దాటి పడమటికి దిగినకొలది ఎఱ్ఱనేల వెనుకబడి నల్లరేగడి ఎదురగుచుండును. కోట్‌పల్లి ప్రాజెక్టు కట్టమీద నిలిచి చూచువారికి ఒకప్రక్క నీరును మఱియొకప్రక్క అడవియు మాత్రమే కనబడవచ్చును గాని, అక్కడినుండి పెద్దేముల్ మీదుగా తాండూరు దాకను, తాండూరు దాటి కర్ణాటక సరిహద్దు దాకను ఉన్న ఊళ్లలో, ప్రత్తి ఎంతగా వ్యాపించినను, తొలకరి మొదలు సంక్రాంతి వఱకు రైతు తలపులలో మెదలుచుండు పంట కంది. ఆ పంటకు ‘తాండూరు కంది’ అను పేర 2022వ సంవత్సరము డిసెంబరు మాసమున భౌగోళిక గుర్తింపు లభించిన సంగతి మీలో అనేకులకు విదితమే. ఆ గుర్తింపునకై అర్జీ పెట్టినవారు యాలాల రైతులు ఏర్పఱచుకొన్న ఉత్పత్తిదారుల సంస్థవారు. ఈ నేలలోని సున్నపురాతి పొరలును, అట్టపల్గైట్ అను బంకమన్ను ఖనిజమును పప్పు గుణమునకు కారణములని చూపు శాస్త్రాధారములను కూర్చుటలో వారికి తోడ్పడినది ఆచార్య జయశంకర్ పేరిట నున్న మన వ్యవసాయ విశ్వవిద్యాలయము. తరతరములుగా పండించినవాడు రైతు. ఆ పంటలోని విశేషమును పదిమంది యెదుట నిరూపించుటకు అక్కఱకు వచ్చినది విశ్వవిద్యాలయము. ఈ సంబంధమును ఆధారముగా గైకొని, ప్రభుత్వ విశ్వవిద్యాలయముల సంస్కరణమున బోధనకును పరిశోధనకును ఉండవలసిన పొత్తును గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిని.

తాండూరులో ఆ విశ్వవిద్యాలయమునకు చెందిన వ్యవసాయ పరిశోధన స్థానమొకటి గలదు. కందితోపాటు కుసుమపంట మీదను అక్కడ పరిశోధన సాగుచున్నది. ‘హనుమ’ యనబడు టి.డి.ఆర్.జి. 4 అను కంది రకమును, దాని తరువాత టి.డి.ఆర్.జి. 59ను వెలువరించినది ఆ స్థానమే. ఒక రకము వెలువడుట యనగా నేమో ఒకింత వివరింపవలసియున్నది. కంది చేనును నిలువున కూల్చు శత్రువులలో ఎండు తెగులు మొదటిది. దాని శిలీంధ్రము పంట కోసిన పిమ్మటను మోళ్లనంటుకొని ఏండ్ల తరబడి మట్టిలో దాగియుండును. పూతకు వచ్చిన మొక్క ఉన్నట్టుండి తలవాల్చువఱకు రైతునకు దాని ఉనికి తెలియదు. అందుచేత శాస్త్రజ్ఞుడు ఒక మడిని ప్రత్యేకించి, అందులో ఆ తెగులును కావలెననియే పెంచి పోషించి, వందలకొలది వంశములను వరుసలుగా విత్తి, ఏవి చచ్చునో ఏవి బ్రతుకునో ఏటేట వ్రాసికొనును. బ్రతికినవానిలో దిగుబడి లేనివి కొన్ని, పప్పు నాణెము లేనివి కొన్ని, వెర్రితెగులునకు లొంగునవి కొన్ని తొలగిపోగా, మిగిలిన కొలదిపాటి వానిని వేర్వేరు స్థానములలో పరీక్షించి, పిదప రైతుల పొలములలో చిన్న సంచులతో ఇచ్చి చూచి, ఇన్ని గండములు గడచిన తరువాత గాని విడుదల మాట పుట్టదు. క్రొత్త రకము పుట్టుటకు సుమారు దశాబ్దకాలము పట్టుననుట అతిశయోక్తి గాదు. పైగా కంది పువ్వునకు తేనెటీగల రాకపోకలు మెండు. ప్రక్కచేని పుప్పొడి వచ్చి పడిన యెడల వంశశుద్ధి చెడును. ‘మొదటి ఏడు బాగుండిన విత్తనము మూడవ ఏటికి ఏల మాఱినది?’ అని రైతు వేయు ప్రశ్నకు సమాధానము ఆ తేనెటీగ రెక్కలలో నున్నది.

ఇప్పుడు గమనింపవలసిన విషయమొకటి యున్నది. ఈ వ్యవసాయ విశ్వవిద్యాలయమున శాస్త్రజ్ఞుడు, అధ్యాపకుడు అను రెండు జాతులు లేవు. నేడు తాండూరు స్థానమున కంది మడిలో నిలిచి లెక్కలు వ్రాసికొనువాడు, రేపు బదిలీయై రాజేంద్రనగరములోనో జగిత్యాలలోనో సహాయాచార్యుడై తరగతికి పోవచ్చును. మఱునాడు విస్తరణ విభాగమునకు మాఱి, ‘ఏరువాక కేంద్రము’ అని మన రైతులు పిలుచుకొను చోట కూర్చుండి, రైతు తెచ్చిన ఎండుకొమ్మను విఱిచి చూచి తెగులు పేరు చెప్పవచ్చును. విద్యార్థియు అట్లే, వ్యవసాయశాస్త్ర పట్టమునకు చదువు బాలబాలికలు చివరి సంవత్సరమున కొన్ని నెలలు పల్లెలలో రైతుల చెంత నుండి పని నేర్వవలెనను నియమమున్నది. ‘రావెప్’ అని వారు ముద్దుగా పిలుచుకొను ఆ కాలములో, పుస్తకములో చదివిన శనగపచ్చ పురుగును కందికాయలో వ్రేలితో వెలికి తీసినప్పుడు గాని అది ఎంత లావుగా నుండునో తెలియదు.

ఈ ఏర్పాటు మన దేశమున తనంత తాను మొలచినది కాదు. అమెరికా దేశమున 1862లో లింకను కాలపు చట్టమొకటి ప్రతి రాష్ట్రమునను వ్యవసాయ, యంత్రవిద్యల కళాశాలలకు భూమిని దానమిచ్చినది. బోధన సాగుచుండగా బోధించుటకు తగిన జ్ఞానమే చాలినంత లేదని తేలి, 1887లో మఱియొక చట్టము ఆ కళాశాలలకు పరిశోధన స్థానములను జోడించినది. కనుగొన్న జ్ఞానము రైతు ఇంటికి చేరుటలేదని తెలిసి, 1914లో మూడవ చట్టము విస్తరణ సేవను చేర్చినది. మూడు అంగములు కూడుటకు ఏబది యేండ్లకు పైగా పట్టినది. మనకు ఆ మూడును ఒక్కసారిగా ముడివేసి యిచ్చిరి. 1964 జూన్ 12న ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయము ఏర్పడి, మఱుసటి యేడు మార్చి 20న రాజేంద్రనగరమున ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి చేతులమీదుగా ప్రారంభమైనది. కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయము దాని తొలినాళ్లలో సహకరించినది. అంతవఱకు ప్రభుత్వ వ్యవసాయశాఖ క్రింద నున్న పరిశోధన స్థానములు క్రమముగా విశ్వవిద్యాలయమునకు సంక్రమించినవి. 2014లో రాష్ట్రము విడివడినప్పుడు విశ్వవిద్యాలయమును విడివడినది గాని, ఆ త్రివిధ నిర్మాణము చెక్కుచెదరలేదు.

సామాన్య విశ్వవిద్యాలయముల చరిత్ర వేఱు. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసులయందు నెలకొల్పబడినవి లండను విశ్వవిద్యాలయపు అచ్చులో పోసినవి. పరీక్షలు జరుపుటయు పట్టములిచ్చుటయు వాని పని. పాఠము చెప్పువాడొకడు, పరీక్షించువాడొకడు. క్రొత్తది కనుగొనువాడు ఉండవలెనను చింత ఎవరికిని లేదు. బెర్లినులో హంబోల్టు 1810 నాటికే ఆచార్యుడును శిష్యుడును కలిసి అన్వేషించు విద్యాలయమును రూపొందించియుండగా, మన దేశమున 1904 చట్టము వచ్చిన పిదప గాని విశ్వవిద్యాలయము తాను స్వయముగా బోధింపవచ్చునను భావము శాసనమున కెక్కలేదు. దానిని ఆచరణకు తెచ్చిన ఘనత ముఖ్యముగా కలకత్తాలో అశుతోష్ ముఖర్జీది.

ఉస్మానియా విషయమున చిత్రమైన వైరుధ్యమొకటి కలదు. 1918లో ఉర్దూ బోధనాభాషగా వెలసిన ఆ విశ్వవిద్యాలయము, శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి మార్చుటకు అంతకు మునుపే అనువాదశాలను స్థాపించుకొన్నది. అనగా ఇతరులు కనుగొన్న జ్ఞానమును మనవారికి అందించుట దాని తొలి వ్రతము. అయినను 1919లోనే నిజామియా వేధశాల దాని అధీనమునకు వచ్చినది. నక్షత్రములను ఛాయాచిత్రములందు బంధించి ఆకాశమంతటికి పట్టిక వ్రాయు ప్రపంచవ్యాప్త ప్రయత్నములో, చిలీ దేశపు శాంటియాగో వేధశాల నెఱవేర్పలేక విడిచిన భాగమును హైదరాబాదు చేపట్టి పూర్తిచేసినది. పిదప జర్మనీ దేశపు పాట్స్‌డాం విడిచిన భాగములో కొంత పనిని గూడ భుజమున వేసికొన్నది. బేగంపేటలో కూర్చుండి లోకమునకు ఇంత పని చేసిన వేధశాల ఉండగా, ఖగోళశాస్త్రమును విశ్వవిద్యాలయమున ప్రత్యేక శాఖగా బోధించుట 1959 దాక ఆరంభము కాలేదు. నలుబది యేండ్ల పాటు ఒకే యింటిలో పరిశోధన ఒక గదిలోను బోధన మఱొక గదిలోను కాపురముండి, నడుమ తలుపు తెఱవనట్లయినది. తెఱచిన పిమ్మట ఎంతో కాలము పట్టలేదు. 1964 నాటికే ఆ శాఖ ఉన్నతాధ్యయన కేంద్రముగా విశ్వవిద్యాలయ నిధుల సంఘముచే గుర్తింపబడినది, 1968లో జపాల్–రంగాపూర్ దగ్గర 48 అంగుళముల దూరదర్శిని నెలకొన్నది.

స్వాతంత్ర్యానంతరము దేశము ఎన్నుకొన్న మార్గము ఆ తలుపును ఇంకొక విధముగా మూసినది. శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి క్రింద జాతీయ ప్రయోగశాలలు వరుసగా లేచినవి. విశ్వవిద్యాలయములకు చేరవలసిన ధనమును, మనుష్యులను అవి హరించునని మేఘనాద్ సాహా వంటివారు ఆనాడే హెచ్చరించిరి. హైదరాబాదులో ఆ హెచ్చరికను కనులార చూడగోరువారు హబ్సిగూడ బాటన నడచిన చాలును: 1944లో నిజాం ప్రభుత్వము ఆరంభించిన ప్రయోగశాల నేటి రసాయన సాంకేతిక సంస్థగా మాఱి ఒకచోట, భూభౌతిక పరిశోధన సంస్థ ఒకచోట, కణజీవశాస్త్ర కేంద్రము ఒకచోట, అన్నియు ఉస్మానియా ప్రాంగణమునకు కూతవేటు దూరముననే యున్నవి. అవి చేసిన మహత్కార్యములను కాదనువాడను గాను. అయినను ఆ గేటులోపలి శాస్త్రజ్ఞుని ప్రయోగములు, ఈ గేటులోపలి డిగ్రీ విద్యార్థికి సహజముగా పాఠములై అందవు. అతనికి అందునది పదియేండ్ల నాటి నోట్సు.

పిదప విశ్వవిద్యాలయముల వంతు వచ్చినది. పరిశోధన తగ్గినదని గుర్తించిన నిధుల సంఘము 2010లో అధ్యాపకుని పదోన్నతికి మార్కులు పెట్టినది: వ్యాసమునకు ఇన్ని, సదస్సునకు ఇన్ని, గ్రంథమునకు ఇన్ని. ఫలితము ఊహింపనిదేమియు కాదు. వ్యాసములు పుట్టినవి, వానిని ప్రచురించుటకై పత్రికలును పుట్టినవి, పైకము చెల్లించినవారి రచనను వారము లోపల అచ్చువేయు పత్రికల పంట చూచి, 2019లో నమ్మదగిన పత్రికల జాబితాను వేఱుగ తయారు చేయవలసి వచ్చినది. 2018 నియమావళి ఆ మార్కుల పద్ధతిని చాలమేరకు సడలించి, కళాశాల అధ్యాపకునకు బోధనయే ముఖ్యమని అంగీకరించినది. వారమునకు సహాయాచార్యుడు పదునాఱు గంటలు, సహాచార్యుడును ఆచార్యుడును పదునాలుగు గంటలు తరగతిలో నుండవలెనని ఆ నియమావళియే చెప్పుచున్నది. కాగితము మీద అది న్యాయమైన కొలత. అయితే ఒక శాఖలో సగము పదవులు ఖాళీగా నుండి, మిగిలినవారిలో కొందఱు తాత్కాలిక వేతనముపై పాఠము చెప్పుచుండగా, ఆ పదునాఱు గంటలు ఎవరి తల మీద ఎన్నిగా పెరుగునో వేఱుగ లెక్కింపనక్కఱలేదు. మన రాష్ట్ర విశ్వవిద్యాలయములలో పోస్టుల భర్తీ ఏండ్ల తరబడి వాయిదా పడుచు, ఉమ్మడి నియామక మండలికై 2022లో శాసనసభ బిల్లు ఆమోదించిన తరువాతను చిక్కు విడివడకపోవుట, సంస్కరణను గూర్చిన సకల ప్రసంగములకును ముందు వ్రాయవలసిన పీఠిక.

2020 జాతీయ విద్యావిధానము ఇంకొక దారి చూపినది. విశ్వవిద్యాలయములలో కొన్ని పరిశోధనకు బోధనతో సమాన ప్రాధాన్యమిచ్చునవి, కొన్ని బోధనకు హెచ్చు ప్రాధాన్యమిచ్చునవి, వానికి తోడు తామే పట్టములిచ్చు స్వయంప్రతిపత్తి కళాశాలలు: ఇట్లు మూడు తెగలు. బోధనాప్రధాన సంస్థలయందును పరిశోధన సాగవలెననియు, ఈ తెగల నడుమ గట్టి గోడలుండవనియు ఆ పత్రమే చెప్పుచున్నది. కావున దానిని వ్రాసినవారి ఉద్దేశమును శంకింపను. నా భయము నిధులు ప్రవహించు తీరును గూర్చినది. రెండు పేర్లు పెట్టిన మఱునాడే ఒకటి పెద్దపీట, రెండవది క్రింది చాప యగుట మన దేశమున క్రొత్త గాదు. పట్టణమున ఉన్నది, పేరుపడ్డది, ఆంగ్లమున అర్జీ బాగుగ వ్రాయగలది మొదటి తెగలో చేరును. పాలమూరు వంటి జిల్లా విశ్వవిద్యాలయము రెండవదానిలో మిగులును. ఇక వికారాబాదు, తాండూరు డిగ్రీ కళాశాలల మాట చెప్పనేల? కోట్‌పల్లి రైతు కూతురు చేరునది ఆ కళాశాలయే. ఇంటిలో మొదటిసారిగా కళాశాల గడప త్రొక్కిన ఆ బాలికకు, జవాబు ఇంకను ఎవరికిని తెలియని ప్రశ్న యొకటి లోకమున నుండునని చూపకుండగనే మూడేండ్లు గడపి పట్టమిచ్చి పంపుట, నా దృష్టిలో, చదువు చెప్పుట గాదు. చెప్పినట్లు లెక్కకు చూపుట.

అట్లని ఆ కళాశాలలోని ప్రతి అధ్యాపకుడును ఏటేట అంతర్జాతీయ పత్రికలో వ్యాసము వ్రాయవలెనని నేను కోరను. వ్రాయుమని బలవంతపెట్టినప్పుడు ఏమైనదో పైన చూచితిమి. ఉత్తమముగా బోధించుచు, విద్యార్థుల తప్పులను ఓపికతో దిద్దుచు, జీవితమంతయు ఒక్క వ్యాసమైనను ప్రకటింపని గురువులు ఎందఱో కలరు. వారికి పదోన్నతి నిరాకరించు నియమము ఏదైనను అది అన్యాయమే. నేను కోరునది ఒక్కొక్క వ్యక్తినుండి గాదు, సంస్థనుండి. ప్రతి కళాశాలకును తన చుట్టుపట్టుల నేలకు సంబంధించిన ప్రశ్న యొకటియైనను ఉండవలెను. దానిని ఏండ్ల పర్యంతము విడువకుండ వెంబడింపవలెను. ఏటికొక విద్యార్థుల జట్టు అందులో కొంత పని చేసి, తరువాతి జట్టునకు అప్పగింపవలెను.

ప్రశ్నలకు ఈ సీమలో కొదవయా? తాండూరు నాపరాతి గనుల దుమ్ము ప్రక్కచేల ఆకులమీద పేరుకొన్నప్పుడు పూతకు ఏమగునో రసాయన, వృక్షశాస్త్ర శాఖలు కూడి కొలువవచ్చును. కోట్‌పల్లి జలాశయమున వేసవికి నీరెంత తగ్గును, అడుగున ఒండ్రు ఎంత చేరినది, పడవల వినోదమునకై వచ్చు పట్టణవాసుల రాక ఊరివారికి ఎంత సంపాదన తెచ్చినది, ఎంత చెత్త మిగిల్చినది అను విషయములను భూగోళ, ఆర్థికశాస్త్ర విద్యార్థులు ఏటేట వ్రాసియుంచవచ్చును. పప్పుమిల్లు చెల్లించు ధరకును, మార్కెట్టు యార్డులో రైతు చేతికి వచ్చు ధరకును, హైదరాబాదు దుకాణములో కిలో ధరకును నడుమ తేడా ఏ మాసమున ఎంత యుండునో వాణిజ్యశాస్త్ర తరగతి పట్టిక వేయవచ్చును. బషీరాబాదు దిక్కున తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును ఒకే ఇంటి వాకిట వినబడును. భాషాశాఖకు అంతకన్న నిధి ఏమి కావలెను?

భాషాశాఖ మాట వచ్చినది గనుక ఒక్క ఉదాహరణము చెప్పి ముందుకు పోవుదును. ఉస్మానియాలో భాషాశాస్త్రాచార్యులై చిరకాలము బోధించిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు, ఊరూర వ్యవసాయదారుల నోటినుండి సేకరింపజేసిన పదములతో మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయ సంపుటము 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి పక్షమున వెలువడినది. నాగలిలోని ప్రతి భాగమునకును ఒక్కొక్క సీమలో ఉన్న పేర్లు పండితుని గదిలో పుట్టవు. వానిని కూర్చుటకు చేలగట్ల వెంబడి తిరుగవలెను. బిరుదురాజు రామరాజుగారి జానపద గేయ పరిశోధనయు అట్టిదే. ఈ యిరువురును తరగతిలో పాఠము చెప్పినవారే. చెప్పిన పాఠము తాము స్వయముగా తిరిగి తెచ్చినది గనుక దానికి బలము కలిగినది.

ప్రభుత్వము పూనుకొన్నచో ఇందుకు కావలసిన ధనము మహా ప్రయోగశాలకు అగు వ్యయములో లేశము. మొదట ఖాళీలు నింపవలెను. దానికి బదులు మఱేదియు లేదు. ఆ పిదప, ఇట్టి స్థానిక పరిశోధనలో విద్యార్థులను నడిపించు అధ్యాపకునకు వారమున నాలుగైదు తరగతి గంటలు తగ్గింపవలెను. బస్సు ఛార్జీలకు, మట్టి పరీక్షలకు, అచ్చుకూలికి చిన్న నిధి ప్రిన్సిపాలు చేతిలో నుండవలెను. ఐదువేల రూపాయల ఖర్చునకు రాజధానికి ఫైలు పంపవలసిన కళాశాలలో జిజ్ఞాస బ్రతుకదు. పదోన్నతి పత్రములో, తెలుగున వ్రాసి గ్రామ పంచాయతీకి సమర్పించిన నివేదికకును ఒక గడి యుండవలెను. హబ్సిగూడ సంస్థలలోని శాస్త్రజ్ఞులు ఏడాదికి కొన్ని వారములు జిల్లా కళాశాలలో పాఠము చెప్పుట వారి ఉద్యోగధర్మములో భాగము చేయవలెను. 2023 చట్టముచే ఏర్పడిన జాతీయ పరిశోధన ప్రతిష్ఠానము రాష్ట్ర విశ్వవిద్యాలయములందు పరిశోధన నాటుటను తన ఆశయములలో ఒకటిగా ప్రకటించినది. అది ఏ మేరకు జిల్లాలకు దిగివచ్చునో రాగల సంవత్సరములలో తెలియగలదు.

వ్యవసాయ విశ్వవిద్యాలయమును ఇంత పొగడితిని గనుక దాని నిర్మాణములోని లోపమును దాచుట ధర్మము కాదు. ఒకే వ్యక్తి మూడు పనులలోను తిరుగుట వలన అతని పాఠమునకు పుష్టి కలుగును, నిజమే. కాని కంది రకమొకటి పదియేండ్లకు గాని తయారు కాని చోట, మూడేండ్లకొకమారు బదిలీ వచ్చిన యెడల, మడిలోని వరుసల వెనుకనున్న కథ తెలిసినవాడు పోయి, పుస్తకములోని అంకెలు మాత్రము మిగులును. క్రొత్తగా వచ్చినవాడు ఆ అంకెలను చదువగలడు గాని, ఫలానా వరుస ఫలానా ఏట ఎందుకు వాడినదో, అది తెగులువలననో, నీరు నిలిచినందుననో చెప్పలేడు. సామాన్య విశ్వవిద్యాలయములు వ్యవసాయ విశ్వవిద్యాలయమునుండి పాఠశాలకును క్షేత్రమునకును గల రాకపోకలను నేర్చుకొనవలసియున్నట్లే, ఒకచోట చిరకాలము కుదురుకొని యుండు అలవాటును ఇది వారినుండి ఎరువు తెచ్చుకొనవచ్చును. అంతవఱకైనను, తాండూరు స్థానములోని కంది శాస్త్రజ్ఞునికి ఇచ్చు బదిలీ ఉత్తరువును సంక్రాంతి దాటి, కోత ముగిసి, గింజలు తూకము వేసి, ఆ యేటి పుస్తకము వరుసవారీగా అప్పగించిన తరువాతనే అమలు జరుపుదురు గాక యని అధికారులకు ఈ ఆకాశవాణి ముఖముగా విన్నవించి సెలవు తీసికొనుచున్నాను.